కూజా అడిగిన అన్నం

"నాకు దాహంగా ఉంది. మంచినీళ్ళు ఇవ్వండి."

ఆ ఇంట్లో ఇంత శుద్ధంగా మంచినీళ్ళు అడిగినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. సత్యవేణి చేతిలోని చేట జారి బియ్యం గదంతా పరుచుకున్నాయి. ఆవిడ కొడుకు రత్నం గడ్డం సగం గీసుకుని, మిగతా సగం నురగతోనే బయటికొచ్చేశాడు. కోడలు నీరజ మాత్రం కదలకుండా నిలబడిపోయింది. మాట వచ్చింది గుమ్మం పక్కన కూర్చుని కాలిపట్టీతో ఆడుకుంటున్న యోషిత దగ్గర్నుంచి. మూడో ఏడు నడుస్తున్న ఆ పిల్ల "ఊ", "తా" తప్ప మరో ముక్క పలికి ఎరగదు. నిజానికి ఇప్పుడూ పలకలేదు. పెదవులు కలిసే ఉన్నాయి. పలికింది పిల్ల మెడకి చుట్టిన మెత్తటి నీలం పట్టీ.

"బాబోయ్! ఇది మాట్టాడిందిరా రత్నం!" అంది సత్యవేణి.

"ముందు నీళ్ళివ్వండి అత్తయ్యా," అంది నీరజ. 

గ్లాసు నోటి దగ్గర పెట్టగానే యోషిత గటగటా తాగేసింది. అంటే దాహం నిజమే. ఇక ఎవరికీ ఏ అనుమానమూ మిగల్లేదు. సత్యవేణి బియ్యం ఎత్తడం కూడా మర్చిపోయి పక్కింటివాళ్ళకి చెప్పడానికి పరుగెత్తింది.

నీరజ పనిచేసేది కాకినాడలో పసిపిల్లల మాట మీద పరిశోధన చేసే ప్రయోగశాలలో. ఊళ్ళో పిల్లలందరి మాటల గురించీ ఆలోచించే మనిషి ఇంట్లో మాటరాని పిల్ల ఉంటే చుట్టాలు ఊరుకుంటారా? "వస పోయించమన్నాను, విన్నావు కాదు. పోయించుంటే ఈపాటికి వసపిట్టలా వాగేది," అని సత్యవేణి రోజుకోసారైనా అనేది. చెవులు పరీక్ష చేయించారు, బాగానే వినిపిస్తోంది. డాక్టర్లు కొందరికి ఆలస్యం అవుతుంది, చూద్దాం అన్నారు. చూస్తూ కూర్చోవడం నీరజ వల్ల కాలేదు. ప్రయోగశాలలో పట్టీ తయారవగానే కట్టించుకున్న మొదటి పిల్లల్లో యోషిత ఒకతె.

పట్టీ సంగతి చెప్పుకుంటే చిన్నదే. పిల్లకి ఏదైనా అడగాలనిపించినప్పుడు, నోట్లోంచి శబ్దం రాకముందే గొంతులో సన్నటి కదలిక పుడుతుంది. పట్టీలో అల్లిన తీగలు దాన్ని పట్టుకుంటాయి. ప్రయోగశాలలో తెర మీద అది ఆకుపచ్చ గీతగా లేస్తుంది. ఏ కదలిక ఏ కోరికదో పోల్చుకుని పట్టీ ఆ మాటని పసిపిల్ల గొంతుతో పైకి అనేస్తుంది. పోల్చుకోవడం నేర్పడానికి ఎన్నో ఇళ్ళల్లో పసివాళ్ళ మెడకి ఇలాంటి తీగలే చుట్టి, పెద్దవాళ్ళూ పసివాళ్ళూ మాట్లాడుకున్నవి గీతలతో సహా రికార్డు చేసి తెచ్చి యంత్రానికి వినిపించారు.

ఆ వినిపించడంలోనే ప్రయోగశాల పెద్ద పరాంకుశం గారు ఒక నియమం పెట్టారు. ఆయనకి తెలుగంటే ప్రాణం, ముద్దుమాటలంటే ఒళ్ళుమంట. బువ్వ, లాల, జోజో, ఆం, తాయి లాంటివి ఎక్కడ వినబడ్డా ఆ ముక్క మొత్తం తీసి పక్కన పడేయమన్నారు.

"ముద్దుమాటలు భాష కాదమ్మా నీరజా, భాషకి ముందొచ్చే చొంగ. తుడిచేసి శుభ్రమైన తెలుగు పెడదాం," అన్నారు.

నీరజకి అది సబబుగానే తోచింది. ఇంట్లో తను ఎప్పుడో అమల్లో పెట్టిన చట్టమే కదా. అత్తగారు "బువ్వ తింటావా" అనబోతే, "అన్నం అనండి అత్తయ్యా, పిల్ల తప్పులు నేర్చుకుంటుంది," అని సరిదిద్దేది. సత్యవేణి మూతి తిప్పుకుని అన్నం అనేది. ప్రయోగశాలలో ముద్దుమాటలు ఏరి పారేసే పని కూడా నీరజే, ఎంతో శ్రద్ధగా చేసింది.

పట్టీ వచ్చాక ఇల్లు ఇల్లులా లేదు. ఓడరేవులో క్రేను నడిపే రత్నం సాయంత్రం బండి దిగేసరికి, "నాన్నా, మీరు వచ్చారా? నాకు సంతోషంగా ఉంది," అని వినబడేది. మొదటిరోజు ఆ మాట విని రత్నం గోడవైపు తిరిగి చాలాసేపు హెల్మెట్ తుడుచుకున్నాడు. చుట్టాలు ఫోన్లు చేసి పిల్లచేత మాట్లాడించమనేవారు. అన్నిటికంటే వింత సత్యవేణిది. మనవరాలి తెలుగు ముందు తన తెలుగు చిన్నబోయిందనుకుందో ఏమో, ఆవిడ కూడా పుస్తకం భాష మొదలెట్టింది. "యోషితా, నీకు అన్నము వడ్డించమందువా?" అని అడిగితే రత్నం పడీ పడీ నవ్వాడు.

ఒకనాడు నీరజ పొయ్యి దగ్గర ఉండగా వెనకనుంచి, "అమ్మా, నువ్వంటే నాకు చాలా ఇష్టం," అని వినిపించింది. పాలు పొంగి పొయ్యి నిండా కారి మాడిన వాసన వేస్తున్నా నీరజ చూడలేదు. నేలమీద చతికిలబడి పిల్లని ఒళ్ళోకి లాక్కుని ఏడ్చింది. ఇన్నాళ్ళు ఆ ఒక్క మాట కోసం మొహం వాచిపోయింది మరి.

పక్క డాబా మీద ఒక పసివాడు ఉండేవాడు, యోషిత కంటే బాగా చిన్నవాడు. ఒక ఉదయం నీరజ బట్టలు ఆరేస్తుంటే వాడు తల్లి చంకలోంచి కాకిని చూసి "బబ్బబ్బబ్బా" అని కేకలు పెట్టాడు. యోషిత పిట్టగోడ దగ్గర నిలబడి వాణ్ణి, వాడి పెదవుల్ని, ఎంతో ఆసక్తిగా చూస్తోంది. నీరజ చేతిలో తడిచీర అలాగే ఉండిపోయింది. మా పిల్ల "తా" అని ఎన్నాళ్ళయింది? ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. పట్టీ కట్టిన తర్వాత ఎప్పుడైనా అందా? ఏడ్చినప్పుడు తప్ప పిల్ల సొంత గొంతు విన్నట్టే లేదు.

ఆ రోజే ప్రయోగశాలకి వెళ్ళి యోషిత ఆకుపచ్చ గీతలన్నీ మొదట్నుంచీ వరసగా చూసింది. మొదట్లో గీత బాగానే లేచేది. రానురాను పలచబడుతూ ఇప్పుడు దాదాపు నేలకి అంటుకుని ఉంది. పట్టీ మాత్రం మునుపటికంటే ఎక్కువ మాట్లాడుతోంది. నూతిలో నీళ్ళు అడుగంటుతుంటే చేద మాత్రం నిండుగా ఎలా వస్తోందో నీరజకి అర్థం కాలేదు. భయం తర్వాత వేసింది. ముందు కలిగింది కుతూహలమే, ఆవిడ తత్త్వమే అంత.

ఆదివారం పిల్లకి నీళ్ళు పోయడానికి విప్పిన పట్టీని నీరజ మళ్ళీ కట్టలేదు. హాల్లో మూలనున్న మట్టి కూజా మెడకి చుట్టి, పిల్లని పక్కగదిలో బొమ్మల దగ్గర కూర్చోబెట్టి, తలుపు చేరవేసింది. చాలాసేపు కూజా కూజాలాగే ఉంది. తన అనుమానానికి తనే నవ్వుకుంది నీరజ. మధ్యాహ్నం అయింది. వంటింట్లో కుక్కర్ కూత పెట్టింది.

"నాకు ఆకలిగా ఉంది. అన్నం పెట్టండి," అంది కూజా.

"వత్తన్నానమ్మా, ఇదిగో కలిపేత్తన్నాను!" అని సత్యవేణి వంటింట్లోంచి బదులిచ్చి, పప్పన్నం కలిపిన కంచంతో హాల్లోకొచ్చి, పిల్ల కోసం చుట్టూ చూసింది. పిల్ల లేదు. కూజా ఉంది. కూజా మెడలో పట్టీ ఉంది.

"ఇదేంటే అమ్మా?" అంది, కంచం పట్టుకుని అలాగే నిలబడి.

 నీరజ సాయంత్రం దాకా పట్టీని అలాగే ఉంచింది. వీధిలో బండి ఆగిన చప్పుడు కాగానే కూజా, "నాన్నా, మీరు వచ్చారా? నాకు సంతోషంగా ఉంది," అంది. రత్నం నవ్వుతూనే లోపలికొచ్చాడు. ఎవరు పలకరించారో చూశాక హెల్మెట్ చేత్తో పట్టుకుని కూజాకేసి చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు.  అప్పుడు నీరజకి భయం వేసింది. ఇంకొంచెం ఆగితే కూజా తనని కూడా పిలుస్తుందేమో. "అమ్మా, నువ్వంటే" అని మొదలెడుతుందేమో. గబగబా వెళ్ళి పట్టీ లాగేసింది. అది వినే ధైర్యం ఆవిడకి లేదు.

మర్నాడు విషయం చెబితే పరాంకుశం గారు తొణకలేదు.

"అందులో తప్పేముందమ్మా? పసిగొంతు బలహీనం. ప్రతిసారీ కదలిక కోసం కాచుకుంటే ఆలస్యమవుతుందని, పూటనిబట్టీ చప్పుళ్ళనిబట్టీ ముందే పసిగట్టమని నేనే నేర్పించాను. మధ్యాహ్నం పిల్లకి ఆకలేస్తుంది. వేస్తోందని చెప్పింది. ఒప్పే కదా?"

"ఒప్పేనండి మాస్టారూ. తప్పు చెప్పుంటే ఏనాడో పట్టుకునేవాళ్ళం. ఒప్పు చెప్తోంది కాబట్టే మోసపోయాం. అడక్కుండానే అన్నీ వచ్చేస్తుంటే ఇక పిల్ల ఎందుకు అడుగుతుంది? గొంతు ఎందుకు కదుపుతుంది?"

మిగతా పిల్లల గీతలు కూడా తెర మీద పెట్టి చూపించింది. అందరివీ పలచబడుతున్నాయి.  వచ్చే నెలలో అంగన్‌వాడీలకి ఈ పట్టీలు ఇవ్వడానికి ఏర్పాట్లన్నీ అయిపోయాయి. పరాంకుశం గారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి ఒక ప్రశ్న వేశారు.

"సరే. అయితే పసిపిల్ల గొంతు అన్నిటికంటే బలంగా ఎప్పుడు కదులుతుందంటావు? మన దగ్గరున్న వాటిల్లో అతి పెద్ద గీత ఎక్కడుందో వెతుకు."

వెతకమంటే యంత్రం దాచిపెట్టినవీ పారేసినవీ కలిపి అన్నీ వెతికి పెట్టింది. శుభ్రమైన తెలుగులో ఎక్కడా చెప్పుకోదగ్గ గీత లేదు. పెద్ద గీతలన్నీ ఒక్కచోటే ఉన్నాయి. అవన్నీ నీరజ తన చేత్తో ఏరి పారేసిన కుప్పలోవే.

మొదటిది వినిపించారు. ఏ ఇంటిదో తెలీదు. కంచం చప్పుడు, దూరంగా కాకి అరుపు, ఒక ఆడమనిషి గొంతు: "బువ్వ తింటావా? ఊఁ? బువ్వ?" తర్వాత ఏమీ లేదు. ఆవిడ ఊరుకుంది. ఆ ఊరుకున్నంతసేపూ తెర మీద ఆకుపచ్చ గీత కొద్దికొద్దిగా లేస్తూ, లేస్తూ, నిటారుగా నిలబడింది. అప్పుడు పసిగొంతు, "బ్బ" అంది.

పరాంకుశం గారు మళ్ళీ వినిపించమన్నారు. మళ్ళీ. ఇంకోటి పెట్టమన్నారు. "లాల పోసుకుందామా? లాల?" నిశ్శబ్దం. గీత లేచింది. "లా." ఆయన తన పెదవులు తానే కలిపి విడదీసి చూసుకున్నారు, "బువ్వ, బువ్వ," అంటూ. తలపండిన పండితుడు అలా అంటుంటే ఇంకోరోజైతే నీరజకి నవ్వొచ్చేది.

"పెదవులు కలిపితే చాలు, సగం వచ్చేస్తుంది," అన్నారాయన. "పసిపాదానికి అందే మెట్టు ఇది. అడిగి ఊరుకోవడం రెండో మెట్టు. ఆ ఊరుకున్నప్పుడే కదమ్మా గొంతు లేస్తోంది? మనం మెట్లన్నీ కొట్టేసి డాబా మాత్రం ఉంచాం." ఆ తర్వాత గొంతు తగ్గించి, "పైవాళ్ళకి నేను చెప్పుకుంటాను. మిగతా తల్లిదండ్రుల్నీ పిలిపిస్తాను. నువ్వు ముందు ఇంటికి వెళ్ళు," అన్నారు.

ఇంటికి వెళ్ళడం తేలికే. తర్వాతదే కష్టం. పట్టీ లేకపోయేసరికి యోషిత మాటిమాటికీ మెడ తడుముకునేది. దాహమేస్తే గ్లాసుకేసి చూస్తూ నిలబడేది. మెడ దగ్గర్నుంచి మాట రాదేమని ఆశ్చర్యపోతున్నట్టు మెడ వంచి కిందకి చూసుకునేది. తర్వాత ఏడుపు. ఆ ఏడుపు విని రత్నం ఉండబట్టలేకపోయాడు.

"మాట్టాడే పిల్లని తీసుకెళ్ళి మూగదాన్ని చేశావు. ఏ తల్లైనా చేత్తాదా ఈ పని?"

"అది మాట్లాడలేదండీ."

"మరి ఇన్నాళ్ళూ నన్ను నాన్నా అని పిలిసిందెవరు?"

 కూజా పలకరించింది తననే కాబట్టి జవాబు రత్నానికీ తెలుసు. కానీ తెలిసిన జవాబు మనసుకి అందాలి కదా. అతను వెళ్ళి వరండాలో కూర్చుని, భోజనానికి పిలిచినా లేవలేదు. అతని బాధ చూస్తే నీరజకి తన బాధ కొత్తగా తెలిసింది. పిల్లకి తనంటే ఇష్టమో కాదో తనకి తెలీదు. ఎప్పటికైనా తెలుస్తుందో లేదో కూడా తెలీదు. ఆ గీత నేలకి అంటుకుపోయాక మళ్ళీ లేస్తుందని ఎవరూ పూచీ ఇవ్వలేరు. పరాంకుశం గారైనా ఇవ్వలేదు.

సత్యవేణికి అసలు సంగతి చెబితే ఆవిడ నడుం మీద చెయ్యేసుకుంది.

"బువ్వ అనొద్దన్నావు, మానేశాను. అన్నం అనమన్నావు, అన్నాను. ఇప్పుడు మళ్ళీ బువ్వ అనమంటన్నావు. నీ సదువుకో దండమే తల్లీ! నాకైతే ఇప్పుడు వడ్డించమందువా అనడమే అలవాటైపోయింది."

నీరజ ముద్దుమాటలు ఎప్పుడూ ఆడలేదు. నాలుక మొండికేసింది. మొదటిసారి "లాల" అనడానికి స్నానాలగది తలుపు గడియ పెట్టుకుంది. ఎదురుగా ఉన్న పిల్ల ఒక్కతే అయినా సిగ్గేసింది. అంటూ అంటూ ఉంటే వచ్చింది. అంతకంటే కష్టం అని ఊరుకోవడం. మన ఇళ్ళల్లో పసివాళ్ళని ఏదైనా అడిగితే వాళ్ళ తరఫున జవాబు కూడా మనమే చెప్పేస్తాం. సత్యవేణి, "బువ్వ తింటావా?" అని అడిగి, మరుక్షణమే గొంతు సన్నం చేసి, "ఆ, తింటానమ్మా, అంటందండీ మా బంగారం," అనేసి ముద్ద నోట్లో పెట్టేసేది. ఆ గుణమే యంత్రానికీ అబ్బింది కాబోలనుకుంది నీరజ.

"అత్తయ్యా, అడిగాక నోరు మూసుకోవాలి. మీరూ, నేనూ, అందరం."

"ఎంతసేపు?"

"అది ఏదో ఒకటి అనేదాకా."

"అనకపోతే? పిల్ల పస్తుండాలా?"

"పస్తెందుకండీ? చూసి చూసి పెట్టేద్దాం. మళ్ళీ పూట మళ్ళీ అడుగుదాం."

ఆ ఇంట్లో అప్పట్నుంచి ఒక వింత నిశ్శబ్దం వచ్చిపడింది. ఎవరో ఒకరు "బువ్వ?" అంటారు, అందరూ ఊపిరి బిగబట్టి ఆ చిన్న మొహంలోకి చూస్తారు. సత్యవేణి చీర కొంగు నోట్లో కుక్కుకునేది. యోషిత వాళ్ళని వింతగా చూసేది. వీళ్ళందరికీ ఏమైందనుకుందో! కొన్నాళ్ళకి పెదవులు కలపడం మొదలెట్టింది. అక్కడితో ఆగింది. ఒకసారి బుగ్గలు పూరించి గాలి వదిలింది. నీరజ పండగ చేసుకుంది. మర్నాడు అదీ లేదు. వారాలు గడిచాయి. పట్టీ మళ్ళీ కట్టేద్దామా అన్న ఆలోచన నీరజకి వచ్చింది. ఎంత చీదరించుకున్నా అది పోలేదు. అబద్ధమైతేనేం, పిల్ల ఏడవకుండా ఉండేది, మొగుడు నవ్వుతూ ఉండేవాడు.

రత్నం సెలవు పెట్టిన ఒక ఉదయం, ఎవరూ అడక్కుండానే కంచంలో పెరుగన్నం కలుపుకొచ్చి పిల్ల ఎదురుగా కూర్చున్నాడు. అన్నాళ్ళూ ఆ తంతుకి దూరంగా ఉన్న మనిషి. ముద్ద చేసి పట్టుకుని, ఇబ్బందిగా నీరజవైపు చూసి, మెల్లగా, "బువ్వ?" అన్నాడు.

ఊరుకున్నాడు. వీధిలో కూరలబండివాడు అరుచుకుంటూ పోయాడు. యోషిత తండ్రి మొహం చూసింది. ముద్దకేసి చూసింది. పెదవులు గట్టిగా బిగించింది. రత్నం చెయ్యి నొప్పిపుట్టినా దించలేదు. సత్యవేణి కొంగు కోసం వెతుక్కుంది. పిల్ల కనుబొమలు ముడిపడ్డాయి. మెడ దగ్గర ఏదో కదిలింది. రెండు చేతులతో తండ్రి చేతిని ఒక్క తోపు తోసింది.

"ఒద్దు!"

ముద్ద వెళ్ళి గోడకి అంటుకుంది. గొంతు బొంగురుగా, మోటుగా ఉంది. పట్టీ గొంతుకీ దీనికీ పోలికే లేదు.

"ఏంటమ్మా?" అన్నాడు రత్నం, నమ్మలేక.

"ఒద్దు!"

నీరజకి అప్పుడు తట్టింది. పట్టీ ఇన్ని మాటలు అంది, ఈ ఒక్క మాట ఎన్నడూ అనలేదు. కావాలంది, ఇష్టమంది, సంతోషమంది. ఇంట్లోవాళ్ళు ఏం పెడదామనుకుంటే అదే అడిగింది, ఏం వినాలనుకుంటే అదే చెప్పింది. ఇది మాత్రం ఇంట్లో ఎవరూ వినాలనుకోని మాట. ఎవరూ ముందే పసిగట్టలేని మాట. కాబట్టి ఇది పిల్లదే, నూటికి నూరుపాళ్ళూ పిల్లదే.

"ఇంకోసారి, ఇంకోసారి అడగండి," అంది నీరజ. రత్నం మరో ముద్ద చేశాడు. కళ్ళనీళ్ళు కారుతున్నా తుడుచుకోవడానికి చేతికి పెరుగంటుకుని ఉంది.

"బువ్వ?"

"ఒద్దు."

"రావడంతోనే ఒద్దంట! అచ్చం నీ పోలికేరా," అంది సత్యవేణి, ఏడుస్తూ నవ్వుతూ.

నీరజ నేలమీద మోకాళ్ళమీద కూర్చుని చేతులు చాచింది. "అమ్మ దగ్గరికొస్తావా? అమ్మ కావాలా?" అని అడిగి, పిల్ల తరఫున తనే జవాబు చెప్పేయకుండా ఊరుకుంది.

యోషిత తల్లిని తలనుంచి కాళ్ళదాకా చూసి, బాగా ఆలోచించి, "ఒద్దు," అంది.

"సరేనమ్మా," అంది నీరజ. అంత సంతోషం ఆవిడకి జన్మలో ఎప్పుడూ కలగలేదు.